గూడబాతు రెక్కకు కాలపు లెక్క

పెదపాడు నుండి కొల్లేటివైపు పోయేవారికి ఆకాశంలో గూడబాతులు కనిపిస్తాయి. అవి కొన్నిసార్లు రెక్కలు విసిరి, పిదప వాటిని చాచి గాలిలో తేలిపోతాయి. ఈ దృశ్యాన్ని కంప్యూటరుపై కదిలే బొమ్మగా చేయాలంటే చక్కగా గీసినంత మాత్రాన చాలదు. ఒక్కొక్క బొమ్మ తెరపై ఎంతసేపు నిలవాలో కూడ నిర్ణయించాలి.

ఒక రెక్క విసురుకు 8 బొమ్మలు గీశామనుకుందాం. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. బొమ్మకు ఒక ఫ్రేము చొప్పున ఇస్తే విసురు సెకనులో మూడవవంతులోనే ముగుస్తుంది. బరువైన గూడబాతు పిచ్చుకవలె తత్తరపడుతుంది. రెండేసి ఫ్రేములిస్తే సెకనులో మూడింట రెండువంతులు పడుతుంది, నిదానం వస్తుంది. రెక్కలు చాచిన బొమ్మను 24 ఫ్రేములు నిలిపి, వెనుక నీటిని మాత్రం జరిపితే, పక్షి సెకనుపాటు తేలినట్లే తోస్తుంది.

1987లో వచ్చిన జిఫ్ పద్ధతిలో మరొక చిక్కు ఉంది. అందులో కాలాన్ని సెకనులో నూరవవంతులుగా, పూర్ణసంఖ్యలలోనే చెప్పాలి. రెండు ఫ్రేముల కాలమో, 8.33 వంతులు! అన్నింటికీ 8 ఇస్తే ప్రతి విసురులోను కొంత తరిగి, 25 విసురులయ్యేసరికి ఒక విసురు కాలం పోతుంది. 5 బొమ్మలకు 8, మిగిలిన మూడింటికి 9 ఇవ్వండి. మొత్తం 67, కావలసినది 66.67. తేడా కంటికి ఆనదు.

గీయబోయే ముందు గట్టున నిలబడి, గడియారం చూస్తూ పది విసురులు లెక్కించండి. పట్టిన కాలాన్ని పదితో భాగించండి. మీ బొమ్మకు కావలసిన వేగం అదే.