శుభలేఖ కోసే వెలుగు

పెళ్లిళ్ల సీజన్లో శుభలేఖల షాపుకి వెళితే, వెనక గదిలో అద్దం మూత బిగించిన బల్లలాంటి మెషీన్ ఒకటి గుయ్యిమంటూ కనిపిస్తుంది. లోపల పల్చటి చెక్క మీద ఎర్రచుక్క గబగబా పాకుతుంటుంది. దాని వెనకే సన్నటి పొగ, కాలిన చెక్క వాసన. చూస్తుండగానే వధూవరుల పేర్లు జాలీపనిలా తెగి వస్తాయి. చెక్కను కోసింది ఆ ఎర్రచుక్కేననుకుంటాం. అది కిరణం ఎక్కడ పడుతుందో చూపించే దీపం మాత్రమే. కోసే కిరణం మన కంటికి కనపడదు. దాని పేరు కార్బన్ డయాక్సైడ్ లేజర్. జారిన రొమ్ములను పైకెత్తే కాస్మెటిక్ సర్జరీలో కొందరు సర్జన్లు పట్టేదీ దీన్నే. ప్రకటనల్లో ఆ పద్ధతిని 'లేజర్ బ్రా' అంటారు. ఆ పేరు వింటే, కాంతి తగలగానే రొమ్ము దానంతటదే లేచి నిలబడుతుందేమో అనిపిస్తుంది. అసలు సంగతి అంత సులువు కాదు.

ఈ కిరణానికి పుట్టిల్లు అమెరికాలోని న్యూజెర్సీ, మర్రే హిల్ అనే ఊళ్ళో ఉన్న బెల్ ల్యాబ్స్. కన్నతండ్రి మనవాడే. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పుణె ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేసిన చంద్రకుమార్ పటేల్. 1960లో థియోడర్ మైమన్ కెంపురాయితో మొట్టమొదటి లేజర్ వెలిగించాడు. అది మెరుపులా మెరిసి ఆగిపోయేది. ఆగకుండా వెలిగే బలమైన కిరణం కావాలని పటేల్ వాయువుల వెంట పడ్డాడు. కార్బన్ డయాక్సైడ్ అణువు రకరకాలుగా ఊగుతుంది. ఒక ఊపు నుంచి మరో ఊపుకి దిగేటప్పుడు అది పరారుణ కాంతిని వదులుతుంది. 1964లో గొట్టంలో ఈ వాయువు నింపి, విద్యుత్తు పంపి, ఆ కాంతిని రాబట్టాడు. మొదట్లో దాని బలం అంతంతమాత్రమే. నైట్రోజన్ తోడయ్యాక కథ మారింది. నైట్రోజన్ అణువు తాను పుచ్చుకున్న ఊపును దాదాపు తరుగు లేకుండా పక్కనున్న కార్బన్ డయాక్సైడ్‌కి అందిస్తుంది. హీలియం కూడా చేరాక బలం ఇంకా పెరిగింది. ఫ్యాక్టరీలు వెంటనే ఎగరేసుకుపోయాయి.

డాక్టర్ల కన్ను పడింది మాత్రం దాని తరంగదైర్ఘ్యం మీద. 10.6 మైక్రాన్లు. ఆ కొలత దగ్గర నీరు కాంతిని విపరీతంగా పీల్చుకుంటుంది. మన ఒళ్ళంతా నీళ్ళే కదా. కిరణం చర్మానికి తగిలితే సుమారు 20 మైక్రాన్ల లోతులోనే దాని సత్తువంతా అయిపోతుంది. అంటే తలవెంట్రుక మందంలో మూడో వంతు కూడా లేదు. అంత పల్చటి పొరలో నీరు భగ్గున ఆవిరై కణాలను ఎగరగొడుతుంది. ఆ వేడికి సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి కాబట్టి రక్తం పెద్దగా కారదు. 1972 నాటికి బోస్టన్‌లో స్ట్రాంగ్, జాకో అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని స్వరపేటిక లోపలి ఆపరేషన్లకు వాడి, ఫలితాలు ప్రచురించారు. ఆ ఇరుకు చోట రక్తం చిమ్మితే ఏమీ కనపడదు. ఇంతకన్నా తగిన పనిముట్టు వాళ్ళకు దొరికేది కాదు. ఇజ్రాయెల్‌లో ప్లాస్టిక్ సర్జన్ ఐజాక్ కాప్లాన్, ఇంజనీర్ ఉజీ షరాన్ కలిసి ఆపరేషన్ థియేటర్లకు సరిపడే యంత్రం చేసి, ఇద్దరి పేర్లూ కలిపి 'షార్ప్‌లాన్' అన్నారు.

ఓ చిక్కు ఉంది. ఈ కిరణం మామూలు గాజు తీగల్లోంచి పోదు. అందుకే యంత్రానికి కీలు కీలుకీ అద్దం పెట్టిన పొడవాటి చెయ్యి ఉంటుంది. కిరణం మోచేతులు తిరిగినట్టు ఒక్కో అద్దం మీద పడి మలుపు తిరుగుతూ సర్జన్ వేళ్ళ దాకా వస్తుంది. 1990ల్లో దాన్ని సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువసేపు మెరిపించడం చేతికొచ్చింది. అంత తక్కువ సమయంలో వేడి పక్కకు పాకదు కాబట్టి, పైపొర మాత్రమే లేచిపోయి కింది చర్మం కాలకుండా మిగులుతుంది. ముఖం మీది ముడతలు తీయడానికి ఇది విపరీతంగా వాడకంలోకి వచ్చింది. రొమ్ము సర్జరీలోకి దూరిందీ ఈ తలుపులోంచే.

అక్కడ దీని పనేమిటో చూద్దాం. చర్మం సాగుతుంది, లోపల ఆనించే తంతువులు వదులవుతాయి, రొమ్ము జారుతుంది. వయసు, గర్భాలు, ఒళ్ళు వచ్చి తగ్గడం, పొగతాగడం, ఇవీ కారణాలు. (పిల్లకు పాలిస్తే జారిపోతుందని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అంటుంటారు. అమెరికాలో కెంటకీ డాక్టర్లు ప్రత్యేకంగా ఈ సంగతే పరిశీలిస్తే, జారడానికి గర్భాల సంఖ్యతో సంబంధం కనిపించింది, పాలివ్వడంతో కనిపించలేదు.) సర్జన్ ముందుగా మనిషిని నిలబెట్టి పెన్నుతో గీతలు గీస్తాడు. పడుకోబెడితే రొమ్ము పక్కకు ఒరిగి కొలత మారిపోతుంది. చనుమొనను పైకి జరపాలి, కానీ దాన్ని పూర్తిగా కోసి వేరుచేస్తే రక్తం అందదు. 1930లో ష్వార్ట్‌స్మాన్ అనే సర్జన్ దీనికో ఉపాయం చెప్పాడు. చనుమొన చుట్టూ ఉల్లిపొరంత బాహ్యచర్మం మాత్రం తీసేసి, కింది అంతశ్చర్మాన్ని ఉంచేస్తే, రక్తం అందించే సన్నటి నాళాలు బతికే ఉంటాయి. పైపొర లేదు కాబట్టి దాన్ని లోపలికి మడిచి కుట్టేయొచ్చు. పైపొర ముక్క ఎక్కడైనా మిగిలిపోతే లోపల తిత్తి కడుతుంది. అందుకని ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేయాల్సిన పని.

బ్లేడుతో ఇది సొరకాయ చెక్కు తీసినట్టు ఉంటుంది. రొమ్ము మొదట్లో పట్టీ బిగించి, చర్మం బిగదీసి, పీలికలు పీలికలుగా తీస్తారు. లేజర్‌తో అయితే గీత లోపల వరసలు వరసలుగా కిరణం పరుస్తారు. చర్మం తెల్లబడుతుంది. తడి గాజుగుడ్డతో తుడిస్తే బూడిదలాంటి పొర ఊడొస్తుంది. మళ్ళీ ఓ వరస, మళ్ళీ తుడుపు. చుట్టూ తడి తువ్వాళ్ళు పరిచి ఉంటాయి, ఎందుకంటే పొడిగుడ్డ మీద కిరణం పడితే అంటుకుంటుంది. అందరి కళ్ళకూ అద్దాలు. పక్కనే పొగ లాగే గొట్టం. అది హంగు కోసం పెట్టింది కాదు. పులిపిర్లను లేజర్‌తో కాల్చినప్పుడు లేచిన పొగలో వైరస్ డీఎన్ఏ దొరికిందని 1988లోనే బయటపడింది.

అలా మిగిలిన అంతశ్చర్మాన్ని లోపల రొమ్ము కింద ఆసరాగా మడిచి కుడతారు. వేడి తగిలిన కొల్లాజెన్ ముడుచుకుని బిగుస్తుంది కాబట్టి ఆ ఆసరా ఇంకా గట్టిగా ఉంటుందన్నది లేజర్ పక్షం వాదన. అక్కడికక్కడ బిగువు నిజమే. నాలుగేళ్ళు గడిచాక అదెంత మిగులుతుందన్నది వేరే ప్రశ్న. బ్లేడుతో చేసినదానికన్నా ఇది ఎక్కువ కాలం నిలుస్తుందని తేల్చే బలమైన రుజువులు పెద్దగా లేవు. రక్తం తక్కువ కారవచ్చు, చెక్కు తీసే పని సాఫీగా సాగవచ్చు. మచ్చలు మాత్రం అవే మచ్చలు. చనుమొన స్పర్శ తగ్గడం, తర్వాత పాలివ్వడం కష్టం కావడం లాంటి ముప్పులు కూడా అవే. రొమ్మును పైకెత్తేది సర్జన్ గీత, కత్తి, కుట్టు. యంత్రం అద్దె బిల్లులో కనపడుతుందనుకోండి.

లేజర్ పని తొందరగానే అయిపోతుంది. దాని పొడవాటి చేతిని మడిచి పక్కకు నెట్టాక కుట్లు మొదలవుతాయి, అసలు సమయం పట్టేది వాటికే. మెలకువ వచ్చేసరికి మనిషి ఒంటి మీద బిగుతైన ఎలాస్టిక్ గుడ్డ బ్రా ఉంటుంది. కొన్ని వారాలపాటు రాత్రీ పగలూ దాన్ని విప్పకూడదు.