గెలవని పార్టీకి ఓటెందుకు?

"వాళ్లెలాగూ గెలవరు, ఓటు వేస్ట్ చేసుకోకు." ఎన్నికలొస్తే ప్రతి ఇంట్లో వినిపించే మాట ఇది. మనలో చాలామందికి ఓటు హక్కు వచ్చేసింది కాబట్టి, ఇక ఈ సలహా మనకీ తప్పదు. కానీ బ్రిటన్‌లో కొందరు ఓటర్లు ఈ సలహాని దశాబ్దాలుగా పక్కన పెడుతూనే ఉన్నారు. వాళ్లు ఓటేసేది గ్రీన్ పార్టీకి. 1973లో వేరే పేరుతో పుట్టిన ఈ చిన్న పర్యావరణ పార్టీకి పార్లమెంటులో మొదటి ఎంపీ దొరికింది 2010లో. అంటే 37 ఏళ్లు! ఇన్నేళ్లు ఓటేసినవాళ్లకి లెక్కలు రావా? వచ్చు. కాకపోతే వాళ్ల లెక్క వేరు.

ఇన్‌పుట్ ఒకటే, అవుట్‌పుట్ వేరు

ముందు ఓట్లు లెక్కపెట్టే పద్ధతి చూద్దాం. బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లోనూ మన లోక్‌సభ ఎన్నికల్లోనూ ఒకటే రూల్: నియోజకవర్గంలో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్లే గెలుస్తారు. మిగతా ఓట్లన్నీ సున్నా కింద లెక్క.

1989 యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో బ్రిటన్ గ్రీన్స్‌కి దాదాపు 23 లక్షల ఓట్లొచ్చాయి. అంటే సుమారు 15 శాతం. సీట్లు? ఒక్కటీ రాలేదు. 1999కి అవే ఎన్నికల్లో ఓట్ల నిష్పత్తిని బట్టి సీట్లిచ్చే పద్ధతి వచ్చింది. ఈసారి గ్రీన్స్‌కి వచ్చింది 6 శాతం చిల్లరే, కానీ రెండు సీట్లు గెలిచారు. ఓట్లు సగానికి పైగా తగ్గితే సీట్లు పెరిగాయి! ఓటరు మారినా మారకపోయినా, అల్గారిథమ్ మారితే ఫలితం మారిపోతుంది.

ఆస్ట్రేలియాలో ఇంకో పద్ధతి ఉంది. అక్కడ ఓటరు అభ్యర్థులకి 1, 2, 3 అని వరస నంబర్లు ఇస్తాడు. 100 ఓట్లున్న ఊరు అనుకుందాం. మొదటి పెద్ద పార్టీకి 42, రెండో పెద్ద పార్టీకి 40, గ్రీన్స్‌కి 18. మన రూల్ ప్రకారం 42 వచ్చిన పార్టీ గెలిచేసినట్టే. ఆస్ట్రేలియాలో అయితే అందరికంటే వెనకున్న గ్రీన్స్‌ని తీసేసి, ఆ 18 మంది '2' అని ఎవరికి వేశారో చూస్తారు. అందులో 15 రెండో పార్టీకి, 3 మొదటి పార్టీకి వెళ్తే? 55-45తో రెండో పార్టీ గెలుస్తుంది. గ్రీన్స్‌కి ఓటేసినవాళ్లు తమ మనసులో మాట చెప్పారు, ఓటూ పోలేదు.

ఓడిపోయిన ఓటు ఏం చేస్తుంది?

సరే, బ్రిటన్ ఓటరుకి ఆ సౌకర్యం లేదు. మరి ఎందుకు వేస్తాడు? మొదటి కారణం: ఓట్ల లెక్కని పెద్ద పార్టీలు కూడా చదువుతాయి. గెలిచినవాడికి 5 వేల మెజారిటీ వచ్చి, పర్యావరణ పార్టీకి 7 వేల ఓట్లు పడితే, వచ్చే ఎన్నికలకి ఆ 7 వేల మందిని ఎలా తిప్పుకోవాలా అని అందరూ ఆలోచిస్తారు. 1989లో ఆ 15 శాతం చూశాక, 1990లో బ్రిటన్ ప్రభుత్వం పర్యావరణం మీద ఒక పెద్ద విధాన పత్రం తెచ్చింది. దానికి ఆ ఓట్లొక్కటే కారణం అనలేం, ఎందుకంటే ప్రధాని థాచర్ 1988లోనే వాతావరణ మార్పు గురించి మాట్లాడారు. కానీ 23 లక్షల ఓట్లని ఏ పార్టీ కూడా చూడనట్టు నటించలేదు.

రెండో కారణం: ఒక్క ఎంపీ ఉన్నా ప్రశ్న అడిగేవాళ్లు ఉన్నట్టే. బ్రైటన్ పెవిలియన్ నుంచి గెలిచిన కరోలిన్ లూకస్ 2010 నుంచి 2024 దాకా సభలో ఒంటరి గ్రీన్ ఎంపీ. 2024లో ఆ సంఖ్య నాలుగైంది. వచ్చిన 6 శాతం పైచిలుకు ఓట్లకి నిష్పత్తి ప్రకారం ఐతే 40 సీట్ల దాకా రావాలి, అది వేరే సంగతి.

మూడో కారణం నాకు అన్నిటికంటే బలంగా అనిపిస్తుంది. ప్రభుత్వం ఆలోచించేది ఐదేళ్లకి. చెరువు ఎండిపోవడానికి, భూగర్భ జలం పాడవడానికి ఇరవై, ముప్పై ఏళ్లు పడుతుంది. నష్టపోయేవాళ్లలో చాలామందికి ఇంకా ఓటే రాలేదు, కొందరు పుట్టనే లేదు. వాళ్ల తరఫున కూడా ఒకరు ఓటెయ్యాలి కదా!

ఇంకో వైపు

చిన్న పార్టీ పెద్దదైతే అంతా బాగుంటుందా? జర్మనీ చూడండి. అక్కడ గ్రీన్స్ 1983లో 5.6 శాతం ఓట్లతో పార్లమెంటులోకి వచ్చి, 1998లో ప్రభుత్వంలో భాగమయ్యారు. 2023 ఏప్రిల్‌లో ఆ దేశపు చివరి అణు రియాక్టర్లు మూతపడటం వాళ్ల పాత డిమాండే. కానీ అదే ఏడాది జనవరిలో బొగ్గు గని కోసం ల్యూట్సెరాత్ అనే చిన్న ఊరిని ఖాళీ చేయించారు. ఆ ఒప్పందంలో గ్రీన్ మంత్రులూ ఉన్నారు. ఆ ప్రాంతంలో బొగ్గు వాడకాన్ని 2038కి బదులు 2030కే ఆపేయడానికి బదులుగా ఒప్పుకున్నామన్నారు. చాలామంది మద్దతుదారులకి అది మింగుడుపడలేదు. అధికారంలోకి వెళ్తే రాజీ తప్పదు, వెళ్లకపోతే చేతిలో ఏమీ ఉండదు.

మన దగ్గర

మనకీ ఈ సమస్యలు ఉన్నాయి. 2010లో సోంపేట బీల భూముల్లో థర్మల్ ప్లాంట్ వద్దని జనం పోరాడితే పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 2019లో నల్లమల యురేనియం మీద గొడవ పెద్దదయ్యాక, తవ్వకాలు వద్దని తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేసింది. రెండు చోట్లా వీధిలోకి వచ్చాకే మాట వినబడింది.

మనకి 2013 నుంచి నోటా ఉంది. కానీ నోటా "వీళ్లెవరూ వద్దు" అని మాత్రమే చెప్తుంది, ఏం కావాలో చెప్పదు. చిన్న పార్టీకి వేసిన ఓటు ఆ రెండో మాట కూడా చెప్తుంది. దానికి ఖరీదు ఉంది. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ పోతుంది. గట్టి పోటీ ఉన్న చోట, మనకి అస్సలు ఇష్టంలేనివాడు మన ఓటు చీలడం వల్లే గెలవచ్చు కూడా. అందుకే ఇది అందరికీ, అన్ని చోట్లా సరైన సమాధానం అనను.

కానీ ఎవరైనా "వేస్ట్" అంటే ఒక ప్రశ్న అడగండి. ఒక పార్టీ లక్ష మెజారిటీతో గెలిచే చోట, ఆ పార్టీకే ఇంకో ఓటు వేస్తే అది లక్షా ఒకటి అవుతుంది. ఆ ఒక్కటి దేనికి పనికొచ్చినట్టు?