తహర్కా పేరు చెరిపిందెవరు?

తెలుగు బైబిలు చదివేవాళ్లకి కూషు రాజు తిర్హాకా తెలిసే ఉంటాడు. రెండవ రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో వస్తాడు. చరిత్రకారులు తహర్కా అనేది ఇతన్నే. నేటి ఉత్తర సూడానే నాటి కూషు. ఈ నల్లజాతి రాజు క్రీ.పూ. 690లో గద్దెనెక్కి కూషుతో పాటు ఈజిప్టునూ ఏలాడు.

కర్నాక్ గుడి ఆవరణలో తహర్కా ఎత్తించిన పది స్తంభాల్లో ఒక్కటే పూర్తిగా మిగిలింది. దానిమీద అతని పేరు చెక్కేసి తన పేరు వేయించుకున్నాడు తర్వాతి ఈజిప్టు రాజు రెండవ సామెటిక్. క్రీ.పూ. 593లో ఇతని సైన్యం కూషు మీద పడింది. 2003లో చార్లెస్ బోనె బృందం కెర్మా దగ్గర ఒక గుంట తవ్వితే, తహర్కాతో సహా అయిదుగురు కూషు రాజుల విగ్రహాలు ఏడు, ముక్కలై దొరికాయి. పగలగొట్టింది ఆ సైన్యమేనని పరిశోధకుల అభిప్రాయం.

ఇది ఉలి చేసిన పని. కలం చేసింది ఇంకోటుంది. నూరిలో తహర్కా పిరమిడ్‌ని 1916-17లో తవ్వించిన అమెరికన్ జార్జ్ రైస్నర్‌కి వెయ్యికి పైగా సమాధి బొమ్మలు దొరికాయి. కూషు పిరమిడ్లలో అదే పెద్దది. అంత చూసీ ఆయన, ఈ రాజవంశం నల్లవాళ్లది కాదు, లిబియా నుంచి వచ్చిన తెల్లతోలు వాళ్లదన్నాడు. తర్వాతి పరిశోధకులు ఆ వాదాన్ని తోసిపుచ్చారు. ఆయనే తవ్వించిన ఎల్ కుర్రు సమాధులు ఆ వంశం అక్కడి గడ్డమీదే ఎదిగిందని చూపిస్తున్నాయి.

పగిలిన విగ్రహాల్ని అతికించి కెర్మా మ్యూజియంలో నిలబెట్టారు. "ఇంత గొప్పది వీళ్లు కట్టి ఉండరులే" అనే మాట మనకీ కొత్త కాదు. అది వినపడ్డ ప్రతిచోటా, ఆధారమేదని అడగడం మన పని.