మోటారుసైకిలుకు తగిన తాళము

రామగుండము, గోదావరిఖని చుట్టుప్రక్కల గ్రామముల రైతు కుటుంబములలో మోటారుసైకిలు నేడు ఇంటి పశువువంటిది. తెల్లవారుజామున పాలకేను మోయునది అదియే. పగలు యూరియా బస్తాను చేనికి చేర్చునది అదియే. రాత్రి షిఫ్టునకు కొడుకును గనికి తీసుకొనిపోవునదియు అదియే. అప్పు వాయిదాలు ఇంకను తీరకుండగనే బండి దొంగల పాలైనచో పాలు, చేను, జీతము మూడును ఒక్క దినములోనే దెబ్బతినును. కావున తాళము కొనుటకు ముందు ఈ నాలుగు విషయములను ఆలోచింపుడు.

పశువును కాపాడు పద్ధతి మీకు తెలియనిది కాదు. ముంగాళ్లకు బందము వేసిన ఎద్దు దూరము పోలేదు. కాని దానిని ఎవరైనను తోలుకొని పోదలచినచో బందము అడ్డుకాజాలదు. అందుచేతనే రాత్రివేళ పలుపు వేసి గుంజకు కట్టుదుము. బండి తాళములలోను ఈ రెండు తరగతులే కలవు. చక్రమును, హేండిలును కదలనీయకుండ చేయునవి బందములు. బండిని కదలని వస్తువునకు కట్టునవి పలుపులు. అంగడిలో అమ్మునవి ఎక్కువభాగము బందములే. మనము కొనునవియు అవియే. పొరపాటు ఇక్కడనే యున్నది.

బండితోపాటు వచ్చు హేండిలు తాళమును చూడుడు. హేండిలును ఒక ప్రక్కకు త్రిప్పినప్పుడు లోపలినుండి ఒక చిన్న కడ్డీ బయటకు వచ్చి దానిని ఆపును. బలముగల మనిషి హేండిలును గట్టిగా గుంజినచో ఆ కడ్డీ విరుగవచ్చును. అయినను దీనిని వేయుట మానరాదు. దీనికి ఖర్చు లేదు, క్షణము పట్టును. చేనిగట్టున బండి నిలిపి, తాళపుచెవి దానికే వదలి, మోటారు వేసి వత్తునని పోవు అలవాటు మనలో చాలమందికి కలదు. అట్టి చోట ఎంత మంచి తాళమైనను ఏమి చేయును?

బ్రేకు పళ్లెము రంధ్రములో దూర్చు డిస్కు తాళము రెండవది. చిన్నది, జేబులో పట్టును. అయితే బండికి డిస్కు బ్రేకు ఉన్ననే ఇది పనికివచ్చును. పల్లెలలో వాడు 100 సీ.సీ. బండ్లలో పెక్కింటికి ఉన్నవి డ్రమ్ము బ్రేకులే గనుక కొనుటకు ముందు చక్రమును చూచుకొనుడు. తాళమున్న సంగతి మరచి బండి నడిపినచో బ్రేకు చెడును, మనిషియు పడును. అందుకని ఎర్రని త్రాడు నొకదానిని తాళమునుండి హేండిలునకు కట్టుకొనుట మంచిది. కదలించినంతనే కూయు తాళములును దొరకుచున్నవి. కుక్క తగిలినను, గాలి విసరినను అవి కూయును. నాలుగు రాత్రులు గడచిన పిదప ఆ కూతకు లేచి వచ్చువారుండరు.

ఈ బందములకు ఉన్న అసలు లోపము బరువులో కలదు. సాధారణమైన 100 సీ.సీ. బండి సుమారు 110 కిలోలు తూగును. అనగా 45 కిలోల యూరియా బస్తాలు రెండున్నర. ఇద్దరు మనుష్యులు దానిని ఎత్తి ట్రాలీ ఆటోలో పడవేయుట ఎంత సులభమో బస్తాలెత్తిన మీకు వేరుగ చెప్పనక్కరలేదు. చక్రము తిరుగకున్నను వారికి పనిలేదు.

గొలుసును పరీక్షించుట

బండిని స్తంభమునకు కట్టు గొలుసే పలుపు. ప్లాస్టికు తొడుగులోని తీగతాడు లావుగా కనబడినను లోపల ఉన్నవి సన్నని తీగల పేటలే. మంచి కత్తెర వానిని ఒకదాని వెంట ఒకటి తెంపివేయును. దానిని హెల్మెటునకు ఉంచుకొనుడు, బండికి వద్దు. గొలుసు కొనునప్పుడు తొడుగును వెనుకకు జరిపి లింకు కడ్డీ మందమును కొలువుడు. 8 మిల్లీమీటర్ల గొలుసును పొడవు చేతుల బోల్టు కట్టరు సులభముగ కోయును. 10 మిల్లీమీటర్ల గట్టి ఉక్కు కొంత నయము. 13 మిల్లీమీటర్లకు పైబడిన గట్టి ఉక్కును చేతి కట్టరుతో కోయుట కష్టము. అయితే అది బరువు. ఇంటివద్ద ఉంచుకొనుటకే తగును.

మందమొక్కటే చాలదు, ఉక్కు గట్టిపరచినదై యుండవలెను. దీనికి మీ ఇంటనున్న ఆకురాయియే పరికరము. అంగడివాడు ఒప్పుకొన్నచో చివరి లింకుపై దానిని రెండుమారులు గీయుడు. పై పూత ఊడి, ఆకురాయి జారిపోయినచో గట్టి ఉక్కు. ఆకురాయి కరచి మెరయు గాడి పడినచో అది మెత్తని ఇనుము; హాక్సా బ్లేడు దానిని తినివేయును. గొలుసునకు తగిన తాళమునే వేయుడు. పైనుండు వంపు కడ్డీ వీలైనంత తక్కువ బయటపడి, ప్రక్కలను తాళపు దిమ్మెయే కప్పియున్నచో కట్టరు నోటికి చోటు దొరకదు. లావుపాటి గొలుసునకు పెట్టె తాళము వేయుట, ఇనుప తలుపునకు పురికొస గడియ పెట్టుటవంటిది.

ఐరోపాలో తాళములను స్వతంత్ర సంస్థలు పగులగొట్టి చూచి తరగతులు నిర్ణయించును. ఇంగ్లండులో సోల్డ్ సెక్యూర్ గుర్తు, నెదర్లాండ్సులో ఏ.ఆర్.టి. నక్షత్రములు అట్టివి. ఆ గుర్తుగల సరుకు మన అంగళ్లలో అరుదు, వెలయు ఎక్కువ. కావున ఆకురాయిని నమ్ముకొనుడు. కరెంటు గ్రైండరునకు మాత్రము ఏ గొలుసైనను కొద్ది నిమిషములలో లొంగును. కాని దాని చప్పుడు, నిప్పురవ్వలు దొంగకు శత్రువులు. అందుచేత నలుగురు తిరుగుచోట, వెలుతురులో బండి నిలుపుటయు తాళములో భాగమే.

కట్టు విధము

గొలుసును బండి చట్రముగుండ పోనిండు. అట్లు పోనిచో వెనుక చక్రము, దానిని పట్టియున్న ఇనుప చేతుల నడుమనుండి పోనిచ్చి స్తంభమునకు కట్టుడు. ముందు చక్రమునకు మాత్రమే కట్టరాదు. నట్లు విప్పి చక్రమును మీకు వదలి మిగిలినది పట్టుకొనిపోవుదురు. గొలుసు నేలపై పడియుండకూడదు. నేల దాగలివలె పనిచేయును, సుత్తి దెబ్బకు తాళము పగులును. కట్టరు ఒక చేతిని నేలకానించి రెండవ దానిపై మనిషి తన బరువంతయు వేయగలడు. గొలుసు బిగువుగ, మోకాలెత్తున నుండవలెను. స్తంభము లేనిచోట తెలిసినవారి బండి, మీ బండి ఒక్క గొలుసునకు కట్టుకొనుడు. రెండు బండ్లను జంటగ ఎత్తుట తేలిక కాదు.

ఇంటివద్ద గుంజను మీరే నాటుకొనవచ్చును. అడుగున్నర లోతు గొయ్యి త్రవ్వి, 20 మిల్లీమీటర్ల కడ్డీని గుర్రపులాడమువలె వంచి, కాళ్ల చివరలను బయటకు మడచి, 1:2:4 పాళ్లలో సిమెంటు, ఇసుక, కంకర పోయుడు. కడ్డీ పైకి గొలుసు దూరునంత మాత్రమే కనబడవలెను. వారము దినములు తడిపి పిదప వాడుడు.

గనికి పోవువారికి ఒక మాట ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. భూగర్భ బొగ్గుగనిలోనికి సెల్‌ఫోను తీసుకొనిపోరాదు. ఎనిమిది గంటల షిఫ్టు ముగించి పైకి వచ్చువరకు బండి సంగతి తెలియదు. కబురు చెప్పువారికిని దారిలేదు. ఆ ఎనిమిది గంటలలో బండి ఎంత దూరమైనను పోవచ్చును. కావున గని స్టాండులో కావలివాని చూపులో నిలిపి, హేండిలు తాళముతోపాటు గొలుసు కూడ వేయవలెను.

ఈ ప్రాంతమున తాళమునకు మరియొక శత్రువు కలదు. బొగ్గుధూళి తాళపు రంధ్రములో చేరి వానతడికి ముద్దకట్టును. చాలమంది ఇంజను నూనె పోయుదురు. అది మొదట హాయిగ తిరుగును, నెల తిరుగకముందే ధూళినంతయు పట్టి బిగియును. పొడి గ్రాఫైటు చల్లుడు. బొగ్గులోను కర్బనమే ఎక్కువ, గ్రాఫైటును కర్బనమే. కాని బొగ్గుధూళిలోని బూడిద, మట్టి తాళమును పట్టివేయును, గ్రాఫైటు జార్చును. రంధ్రము క్రిందివైపు ఉండునట్లు తాళమును వ్రేలాడదీయుడు.

బీమా సంగతి

2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్త ద్విచక్ర వాహనములకు అయిదేండ్ల థర్డు పార్టీ బీమా తప్పనిసరి అయినది. ఆ కాగితము చూచి, అయిదేండ్లు దొంగతనమునకును బీమా ఉన్నదని భావించు రైతులు కలరు. అది పొరపాటు. థర్డు పార్టీ బీమా మీ బండివలన ఇతరులకు కలుగు నష్టమునకే. దొంగతనమునకు సొంతనష్టము బీమా కావలెను; పెక్కు బండ్లకు అది మొదటి ఏడాదికే కొనబడి, పిదప తెలియకుండగనే ముగిసిపోవును. కాగితమును నేడే తీసి తేదీ చూడుడు.

బండి పోయినచో మొదట 112కు ఫోను చేసి, వెంటనే ఠాణాలో ఫిర్యాదు ఇవ్వవలెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు నమోదు చేయించుకొనవచ్చును. గోదావరికి ఆవల మంచిర్యాలలో పోయిన బండికి గోదావరిఖనిలోనే ఇచ్చినను చెల్లును. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితము, అడిగి తీసుకొనుడు. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఇంట వ్రాసియుంచుకొన్నచో ఆ వేళ తడుముకొనుట యుండదు. బీమా కంపెనీకిని ఆనాడే తెలుపుడు. వారు సాధారణముగ రెండు తాళపుచెవులను అడుగుదురు. కావున రెండవ చెవిని బండి డబ్బాలో గాని, ఒకే గుత్తిలో గాని ఉంచక, పట్టాదారు పాసుపుస్తకము ఉన్నచోటనే దాచుడు.