ఉప్పెక్కే బోరు దగ్గరా ఒక ఉద్యోగం ఉంది

అమ్మలూ, ఇంటర్ బైపీసీ అయ్యాక నీట్ ర్యాంకు అనుకున్నట్టు రాకపోతే ఇంట్లో వినపడేవి రెండే మాటలు. మళ్లీ రాయమంటారు, లేదంటే నర్సింగో అగ్రికల్చరో చూడమంటారు. ప్రకృతి వనరుల సంరక్షణ చదువుతానంటే మాత్రం "చదివి ఏం చేస్తావు, మొక్కలు నాటుతావా?" అని అడుగుతారు. విశాఖపట్నంలో ఉన్నవాళ్లకి ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోనక్కర్లేదు. పోర్టు, స్టీల్ ప్లాంటు, రిఫైనరీ, కంబాలకొండ అడవి, సముద్రం, అన్నీ ఒక్క ఊళ్లోనే ఉన్నాయి మనకి.

ముందు నీళ్ల సంగతి చూద్దాం. సముద్రానికి దగ్గర్లో బోర్లు ఎక్కువైనచోట నీళ్లు కొన్నేళ్లకు ఉప్పెక్కుతాయి. సముద్రం ఒడ్డు దగ్గరే ఆగిపోదు. నేల పొరల్లోంచి కొంత దూరం మన వైపు వచ్చి ఉంటుంది. వాన ఇంకగా చేరిన మంచినీరు ఆ ఉప్పునీటి మీద, పాల మీద మీగడలా తేలుతుంది. లీటరు మంచినీరు 1000 గ్రాములు తూగితే, లీటరు సముద్రపు నీరు దాదాపు 1025 గ్రాములు తూగుతుంది. కిటుకంతా ఆ పాతిక గ్రాముల్లోనే ఉంది. 1000ని 25తో భాగించు, 40 వస్తుంది. అంటే భూగర్భజలం సముద్ర మట్టానికి ఒక మీటరు ఎత్తున నిలిస్తే, ఆ మట్టానికి దిగువన సుమారు 40 మీటర్ల దాకా మంచినీరే ఉంటుంది. మరి మోటార్లు పెట్టి తోడి ఆ మీటరును అర మీటరు చేశామనుకో. పైన తగ్గింది అర మీటరే. కింద మాత్రం ఉప్పునీరు మెల్లమెల్లగా 20 మీటర్లు పైకి వస్తుంది. గైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు యూరప్ తీరాల్లో వందేళ్ల కిందటే ఈ లెక్క కట్టారు. నేల పొరలను బట్టి అంకెలు మారతాయి గానీ సూత్రం మన తీరానికీ అదే.

ఏ బోరు ఎంత తోడొచ్చు, ఇంకుడు గుంత ఎక్కడ తవ్వితే ఫలితం ఉంటుంది, నీళ్లలో క్లోరైడ్ ఏటేటా ఎలా పెరుగుతోంది, ఇవన్నీ చూడ్డానికి మనుషులు కావాలి. కేంద్ర భూగర్భజల మండలి, రాష్ట్ర భూగర్భజల శాఖ ఈ పనే చేస్తాయి. అయితే అక్కడ శాస్త్రవేత్తగా చేరాలంటే ఎక్కువగా అడిగేది జియాలజీ. డిగ్రీ మీద "సంరక్షణ" అనే మాట ఉంటే సరిపోదు.

ఈ ముక్క గట్టిగా గుర్తుపెట్టుకో, ఎందుకంటే అడవి ఉద్యోగాల్లోనూ ఇదే మెలిక ఉంది. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు పరీక్ష రాయాలంటే డిగ్రీలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, జియాలజీ, లెక్కలు, స్టాటిస్టిక్స్, పశువైద్యం వీటిలో ఒక్కటైనా సబ్జెక్టుగా ఉండాలి. లేదా వ్యవసాయమో, అటవీశాస్త్రమో, ఇంజనీరింగో చదివి ఉండాలి. అటవీశాస్త్రమే చదవాలనుకుంటే తెలంగాణలో ములుగు దగ్గర ఫారెస్ట్ కాలేజీ ఉంది. పర్యావరణం పేరుతో కోర్సులో చేరి, మూడేళ్లయ్యాక దరఖాస్తు ఫారం ముందు ఆగిపోయే పిల్లలను తలుచుకుంటే నాకు బాధేస్తుంది. ఆ తప్పు పిల్లలది కాదు, ముందే చెప్పని పెద్దలది.

ఇప్పుడు పోర్టు వైపు వద్దాం. 1933లో మొదలైన ఈ రేవులో బొగ్గూ ఇనుప ఖనిజమూ గుట్టలుగా దిగుతాయి, ఎక్కుతాయి. ఊరి భూస్వరూపం చూడు: ఇటు యారాడ కొండ, అటు సింహాచలం కొండలు, నడుమ పల్లం. చలికాలం తెల్లవారుజామున నేలకానుకుని చల్లగాలి, దానిపైన వెచ్చగాలి నిలుస్తాయి. చల్లగాలి బరువు గనక పైకి లేవదు. అందులో ఉన్న ధూళి కూడా పొద్దెక్కి నేల వేడెక్కేదాకా అక్కడే ఉంటుంది. 10 మైక్రాన్లలోపు రేణువులు ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన జాతీయ ప్రమాణం. 2019లో కేంద్రం మొదలుపెట్టిన స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో మన ఊరి పేరూ ఉంది. కొలిచేవాళ్లకూ, ఆ ధూళి ఏ గుట్ట నుంచి వచ్చిందో తేల్చేవాళ్లకూ ఇక్కడ పని తప్పకుండా ఉంటుంది.

స్టీల్ ప్లాంటుకు నీళ్లు ఏలేరు నుంచి 153 కిలోమీటర్ల కాలువలో వస్తాయి. అంత దూరం నుంచి వచ్చిన నీటిని పొదుపుగా వాడాలి కదా! అందుకే నిప్పులు కక్కే కోక్ మీద అక్కడ నీళ్లు చల్లరు, నైట్రోజన్ వాయువుతో చల్లారుస్తారు. నీళ్లు మిగులుతాయి, ఆ వేడితో ఆవిరి పుట్టించి కరెంటు తీస్తారు. బ్లాస్ట్ ఫర్నేసు చిట్టెం సిమెంటు ఫ్యాక్టరీలకు వెళుతుంది, ఆ మేరకు సున్నపురాయి తవ్వకం తగ్గుతుంది. సంరక్షణ అంటే ఇదీ.

ఏదైనా పెద్ద ఫ్యాక్టరీ రావాలంటే కేంద్రం 2006లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ ప్రభావ నివేదిక కావాలి. అది రాసే సంస్థలకు గుర్తింపు రావాలంటే గాలి, నీరు, జీవవైవిధ్యం, నేల సంరక్షణ వంటి విభాగాలన్నిటికీ నిపుణులు ఉండాలి. ప్రైవేటు ఉద్యోగాలకు పెద్ద గుమ్మం ఇదే. అయితే నివేదిక రాయించుకునేవాడే డబ్బు కడతాడు. కాబట్టి చూసిందే రాసే నిబ్బరం లేనివాళ్లు ఈ పనికి రాకపోతే మేలు.

సముద్రం ఇష్టమైతే ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. 1950లలో అమెరికా నుంచి యూజీన్ లఫాండ్ వచ్చి ఇక్కడ సముద్రశాస్త్రానికి పునాది వేశారు. జాతీయ సముద్ర అధ్యయన సంస్థ, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థల కేంద్రాలూ ఊళ్లోనే ఉన్నాయి. బీచ్‌లో అటవీ శాఖ కాపాడే ఆలివ్ రిడ్లే తాబేలు గుడ్ల నుంచి, చుట్టూ ఉన్న ఇసుక వేడెక్కువైతే ఆడ పిల్లలు, తక్కువైతే మగ పిల్లలు పుడతాయి. ఎండలు ముదిరే రోజుల్లో ఆ ఇసుకలో థర్మామీటరు పెట్టి చూసేవాళ్ల అవసరం పెరుగుతుంది.

కాబట్టి అమ్మలూ, ఫీజు కట్టకముందే సిలబస్ తెచ్చుకో. బోటనీ, జువాలజీ, జియాలజీ, కెమిస్ట్రీల్లో ఒకటి పూర్తి సబ్జెక్టుగా ఉందా? ఊరు దాటి చెట్లనూ నీళ్లనూ కొలిచే పని ఉందా? స్టాటిస్టిక్స్ నేర్పుతారా? మ్యాపులు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఈ సెలవుల్లోనే మొదలుపెట్టు. పై మూడు ప్రశ్నలకూ ఔనని జవాబొస్తే ధైర్యంగా చేరు. ఇంట్లో ఎవరైనా కాదంటే నా దగ్గరకు పంపు, నేను మాట్లాడతాను.