పిడికిలి బలమొక్కటియే చాలునా?

హాకీ యనగనే మనవారికి పచ్చిక బయలును, వంకరకఱ్ఱయును, 1928 సంవత్సరమున ఆమ్‌స్టర్‌డాం నగరమున భారతదేశమునకు ప్రథమ స్వర్ణపతకమును గొనివచ్చిన ధ్యానచంద్ ప్రభృతుల హస్తలాఘవమును జ్ఞప్తికి వచ్చుట సహజము. కాని కెనడా, అమెరికా దేశములలో హాకీ యన్న పేరు వేఱొక యాటకు చెల్లుచున్నది. అది మంచుగడ్డపై నాడునది. 200 అడుగుల పొడవును, 85 అడుగుల వెడల్పును గల మంచుబయలు. చుట్టును పలకల గోడ. పాదరక్షల క్రింద ఇనుప అలుగులు బిగించుకొని, పక్షమునకు ఆర్గురు చొప్పున నిలిచి, నల్లని రబ్బరు బిళ్లను ఎదిరిపక్షపు వలలోనికి కొట్టుటకు పెనగులాడుదురు. బిళ్ల గలవానిని భుజముతో ఢీకొని గోడకు అదుముట ఆ యాటలో తప్పు గాదు, విద్య. చేతితొడుగులు పాఱవైచి ముష్టియుద్ధమునకు దిగుట మాత్రము తప్పే. అయినను నేషనల్ హాకీ లీగు అను పెద్దలీగులో ఆ తప్పునకు సామాన్యశిక్ష 5 నిమిషములు దండనపు పెట్టెలో గూర్చుండుటయే. శిక్ష తీఱిన వెనుక మరల వచ్చి ఆడవచ్చును. నేడు మేము విచారింపదలచిన సమస్యకు మూలము ఈ వెసులుబాటులోనే యున్నది.

ఈ పెద్దలీగునందు 32 జట్లు గలవు. ఏటేట వేసవియందు ఈ జట్ల యధికారులు ఒకచోట గూడి, వంతులవారీగా, ఏడు విడతలుగా, 18 ఏండ్లు వచ్చిన బాలురను ఏఱుకొందురు. దీనికి డ్రాఫ్టు అని పేరు. కెనడాదేశపు బాలురు పెక్కుమంది ఒంటారియో, పశ్చిమ, క్విబెక్ జూనియర్ లీగులు మూడింటినుండి వత్తురు. ఆ లీగులలో ఆడువారి వయస్సు 16 మొదలు 20 వఱకు. పదునాఱేండ్లకే ఇల్లు విడిచి, పరాయియూర జట్టువారు కుదిర్చిన గృహస్థుల యింట భోజనము చేయుచు, పగలు బడికిని సాయంకాలము ఆటకును పోవుదురు. పూర్వము మన పట్టణములలో వారములు కుదుర్చుకొని చదువుకొనిన విద్యార్థులను ఎఱిగినవారికి ఆ బాలుర జీవితము కొంతవఱకు ఊహకు రాగలదు. ఇట్టివారిలో నెవడు పెద్దలీగునకు సిద్ధమైనాడు, ఎవడు ఇంకను రెండేండ్లు ఆగవలెను అను ప్రశ్న ప్రతి శరత్కాలమునను జట్ల యధికారులను వేధించుచుండును.

మహాప్రతిభావంతుని విషయమున ఈ ప్రశ్నకు సమాధానము సులభము. సిడ్నీ క్రాస్బీ 2005వ సంవత్సరమున 18 ఏండ్లకే పెద్దలీగులో ప్రవేశించి, ఆ మొదటియేటనే 39 గోలులు కొట్టి, 63 గోలులకు తోడ్పడి, 102 పాయింట్లు గడించెను. అట్టివాని నాపుట యవివేకము. చిక్కు అంతయు రెండవతరగతి బాలుని విషయమున వచ్చుచున్నది: దేహము పెద్దది, గుండె దిట్టము, దెబ్బకు జంకడు, పిలిచినవానితో పోరుటకు సిద్ధము, ఆట మాత్రము ఇంకను పచ్చి. జట్టులోని నిపుణుల మీదికి వచ్చిన ప్రత్యర్థిని అడ్డుకొనుటకు ఇట్టి గట్టిపిండము ఒకడు కావలయునని అధికారికి తోచును. ప్రేక్షకులును వాని పేరు పెట్టి కేకలు వేయుదురు. వాడు సిద్ధమనుటకు ఇంతకన్న నేమి కావలెనని అందురు. ఈ సిద్ధాంతమే పొరపాటని మా యభిప్రాయము.

మన రైతులెఱుగని విషయము కాదు. రెండు పండ్లు వేసిన కోడె మందలో నిలిచి కొమ్ము విసరినప్పుడు ముచ్చటగనే యుండును. అంతమాత్రమున తెలిసిన రైతు దానిని బరువుబండికి గట్టడు. ముందు ఉత్తకాడి మరపి, నిదానపు టెద్దు ప్రక్కన గట్టి, మెడ కాయ గాచిన పిదప బరువునకు తెచ్చును. జూనియర్ లీగులో 18 ఏండ్ల యాజానుబాహువు 16 ఏండ్ల బాలుని గోడకు కొట్టినప్పుడు అది బలమనిపించును. పెద్దలీగులో ఎదుట నిలుచువాడు పదియేండ్లుగా ఆ పనిమీదనే బ్రతుకుచున్న ముప్పదియేండ్ల మగవాడు. ఋతువునకు 80కి మించిన యాటలు. ఊరినుండి యూరికి రాత్రి ప్రయాణములు. నిన్న తగిలిన దెబ్బ మానకమునుపే నేటి యాట. అచట దేహబలము విశేషగుణము కాదు. ప్రవేశపు రుసుము మాత్రమే.

మఱి సిద్ధమనుటకు గుర్తేమి? బిళ్ల తన కఱ్ఱకు రాకముందే దాని నెచటికి పంపవలెనో యెఱిగియుండుట. తన పక్షము వెనుకకు మరలునప్పుడు తన తావునకు తాను చేరుట. కోపము వచ్చినను చేయి నిలుపుకొనుట. ఈ మూడవది చిన్నది కాదు. కఱ్ఱతో నెదిరిని తట్టిపడవేసిన చిన్నతప్పునకు శిక్ష 2 నిమిషములు. ఆ కాలమంతయు వాని జట్టు ఒక మనిషి తక్కువగా నాడవలెను. శూరుడని తెచ్చిన బాలుడు తొందరపాటున తన జట్టునే కుంటిదానిగా జేయుట తఱచుగ జరుగుచున్నది. కాలమును మాఱినది. ఈ యిరువదియేండ్లలో పెద్దలీగులో ముష్టియుద్ధముల సంఖ్య సగమునకు పైగా తగ్గినది; ఆట వేగము హెచ్చినది. కేవలము పిడికిలి కొఱకు జట్టులో నొక తావు నుంచుట నానాటికి ఖరీదైన వ్యవహార మగుచున్నది.

ఈ విషయమున పూర్వుల చరిత్రము పాఠము చెప్పగలదు. గార్డీ హోవ్ అను సస్కాచివాన్ రాష్ట్రపు బాలుడు 1946లో 18 ఏండ్లకు డెట్రాయిట్ జట్టున చేరెను. బలమున వానికి సాటి లేదు; తొలియేట కలహములకును కొదువ లేదు. కాని ఆ యేట వాడు కొట్టినవి 7 గోలులే. అంతకు ముందేడు వానిని డెట్రాయిట్ వారు ఒమాహా నగరములోని క్రిందిలీగు జట్టునకు పంపిరి. అచట 51 ఆటలలో 22 గోలులు కొట్టి, వృత్తి యొక్క ఓనమాలు నేర్చికొని వచ్చెను. పెద్దలీగులో చేరిన పిమ్మటనైనను పండుటకు మూడేండ్లు పట్టెను: 1949-50లో 35 గోలులు. తుదకు 1980లో 52వ యేట ఆట మానునాటికి పెద్దలీగు గోలులు 801. ఆయన మోచేతికి వెఱవని ప్రత్యర్థి లేడని ప్రతీతి. కాని లోకము హోవ్‌ను స్మరించునది ఆ మోచేతికి గాదు, ఆ గోలులకు. బలము ఆటకు సేవకుడై యున్నంతకాలము అది 30 ఏండ్లు నిలిచినది.

ఇటీవలి యుదాహరణము టామ్ విల్సన్‌ది. టొరాంటోలో పుట్టిన ఈ దృఢకాయుని 2012 డ్రాఫ్టులో వాషింగ్టన్ జట్టువారు 16వ వానిగా ఏఱుకొనిరి. 2013 శరత్కాలమున వానికి 19 ఏండ్లు. జూనియర్ లీగులో వానికి నేర్చుకొనవలసినది మిగిలి యుండలేదు. పెద్దలీగులో ప్రధానస్థానము నొందునంతటి పరిపాకమును లేదు. నడుమ నొక బడి యున్నది. అది అమెరికన్ హాకీ లీగు అను రెండవశ్రేణి వృత్తిలీగు. కాని కెనడా జూనియర్ లీగులకును పెద్దలీగునకును గల చిరకాలపు టొడంబడిక ననుసరించి, ఆ జూనియర్ లీగులనుండి ఏఱుకొనబడి 20 ఏండ్లు నిండని బాలుని ఆ నడిమిబడికి పంపరాదు. పెద్దలీగులో నుంచుకొనవలెను, లేదా జూనియర్‌నకు మరలింపవలెను. 18, 19 ఏండ్లవానిని తొమ్మిది యాటలవఱకు ఆడించి చూచి త్రిప్పి పంపినచో వాని మొదటి ఒప్పందపు సంవత్సరము ఖర్చు గాదను వెసులుబాటు మాత్రము గలదు. వాషింగ్టన్‌వారు విల్సన్ నుంచుకొనిరి. ఆ యేట వాడు 82 ఆటలు ఆడెను; ఆటకు సగటున మంచుపై నిలిచినది 8 నిమిషముల లోపు; గోలులు 3; దండన నిమిషములు 151. అనగా పందొమ్మిదేండ్ల బాలుడు ఆట నేర్చుకొనవలసిన సంవత్సరమును బల్లపై గూర్చుండుటతోను, ముష్టియుద్ధముతోను గడపెనన్నమాట.

విల్సన్ చెడిపోలేదు గదా యని యడుగవచ్చును. నిజమే. అతడు 2018లో స్టాన్లీ కప్పు గెలిచిన జట్టులో ముఖ్యుడు; 2024-25లో 33 గోలులు కొట్టెను. కాని నడుమ దారి ముండ్లు లేనిది గాదు. 2018 అక్టోబరులో అక్రమముగా ఢీకొట్టినందుకు 20 ఆటల నిషేధము పడెను. అప్పీలుపై అది 14 ఆటలకు తగ్గెను. గోలులు కొట్టగల నేర్పు మొదటినుండియు వానియందు గలదని తరువాతి సంవత్సరములు రుజువు చేసినవి. దానిని వెలికి తీయుటకు ముందు వాని పిడికిలినే వాడుకొనిరి. ఎట్లో నిలదొక్కుకొనిన యొకనిని జూపి విధానమును మెచ్చుకొనుట, ఏటిని ఈదిన వానిని జూపి వంతెన అక్కఱలేదనుట వంటిది.

నిలదొక్కుకొనని వారి కథ వేఱు. డెరెక్ బూగార్డ్ ఆఱున్నర అడుగులకు మించిన యువకుడు. బాల్యమునుండియు వాని దేహమును జూచినవారు వానికి అప్పగించిన పని ఒక్కటే, పోరుట. 2001 డ్రాఫ్టులో మినిసోటా జట్టువారు వానిని ఏడవ విడతలో 202వ వానిగా ఏఱుకొనిరి. వానిని తొందరపడి తెచ్చిరనుటకు వీలులేదు. క్రిందిలీగులలో ఆడి 2005లో పెద్దలీగునకు వచ్చెను. కాని ఆ సంవత్సరములలో వానికి సానబట్టినది ఆట గాదు, పిడికిలి. పెద్దలీగులో ఆడిన 277 ఆటలలో వాని గోలులు 3; దండన నిమిషములు 589. 2010లో న్యూయార్క్ రేంజర్స్ జట్టు 4 ఏండ్లకు 65 లక్షల డాలర్ల ఒప్పందము చేసికొనెను. ఆ డిసెంబరులో నొక ముష్టియుద్ధమున తలకు దెబ్బ తగిలి మరల ఆడలేదు. 2011 మే నెలలో, 28వ యేట, మద్యముతోడి నొప్పిమందులు మితిమీఱి మరణించెను. పిదప బోస్టన్ విశ్వవిద్యాలయమువారు వాని మెదడును పరీక్షించి, మాటిమాటికి తలకు తగిలిన దెబ్బలతో సంబంధము గల సి.టి.ఇ. అను మస్తిష్కక్షయ వ్యాధి యున్నదని కనుగొనిరి. మనిషి బ్రతికియుండగా ఈ వ్యాధిని రూఢిగా నిర్ణయించు పరీక్ష లేదు. అదే సంవత్సరము ఆగస్టులో రిక్ రిపియన్, వేడ్ బెలాక్ అను మఱి ఇద్దఱు, పోరాటములకు పేరుపడినవారే, మరణించిరి. ఒక్కొక్క మరణమునకు కారణములు వేఱు. వానినన్నిటిని ఒకే త్రాట గట్టుట న్యాయము గాదు. అయినను నాలుగు మాసములలో మూడు చావులు కలిగిన పిమ్మట, బాలుని పోరునకు సిద్ధము చేయుటయే ఆటకు సిద్ధము చేయుట యని యెవరును అనజాలరు.

కొందఱు మఱియొక వాదము చేయుదురు. సామాన్యప్రతిభ గల పేదబాలునికి ఈ పిడికిలియే తలుపు తెఱచుచున్నది. దానిని మూసిన వాని కేమి మిగులును? ఈ వాదమును మేము తేలికగ త్రోసిపుచ్చము. న్యూయార్క్ జట్టులోని మాట్ రెంపీ 2020 డ్రాఫ్టులో 165వ వాడు. నడిమిబడిలో నాడి, 21 ఏండ్లకు, 2024 ఫిబ్రవరిలో, ఆఱుబయట జరిగిన మహాసభ వంటి యాటలో నడుగు పెట్టిన క్షణముననే ముష్టియుద్ధము చేసి దేశమంతట పేరు పొందెను. ఆ ఋతువున 17 ఆటలలో ఒక గోలు, 71 దండన నిమిషములు. పిదప మార్చిలో 4 ఆటల నిషేధము, డిసెంబరులో 8 ఆటల నిషేధము. తలుపు తెఱచుకొన్న మాట నిజమే. కాని లోపల కూర్చుండుటకు పీట వేయునది ఆటయే. పిడికిలితో వచ్చినవానికి ఆట నేర్పు బాధ్యత తలుపు తెఱచిన వారిది.

మంచి సూచనలు కానవచ్చుచున్నవి. క్విబెక్ జూనియర్ లీగు 2023లో ముష్టియుద్ధమునకు దిగినవానిని ఆ యాటనుండి వెడలగొట్టు నిబంధన చేసెను. కెనడా జూనియర్ లీగులలో నాడినవారికి మూసియుంచిన అమెరికా కళాశాలల ద్వారములు 2025 ఆగస్టునుండి తెఱువబడినవి. ఆ కళాశాలలలో ఆటలు తక్కువ, వ్యాయామమునకు వ్యవధి ఎక్కువ, ఎదుటివారు వయస్సున పెద్దలు. పోరాడినవాడు తరువాతి యాటకును దూరము. 2026 సెప్టెంబరునుండి వర్తించునట్లు పెద్దలీగును ఆటగాండ్ర సంఘమును 2025లో కుదుర్చుకొనిన ఒప్పందమునందు, ఒక్కొక్క జట్టు ఒక పందొమ్మిదేండ్ల జూనియర్ బాలుని నడిమిబడికి పంపుటకు దారి తీయవలెనని యుద్దేశింపబడినది. జూనియర్ లీగులవారు తమ మేటి యాటగాండ్రు తరలిపోదురని జంకుట సహజమే. చిన్నయూళ్ల జట్లు టిక్కెట్లమీదనే బ్రతుకవలెను గదా. అయినను ఒక్కొక్క జట్టునకు ఒక్కడే యను హద్దు ఉభయులకును న్యాయముగ నున్నది.

కావున మా యభిప్రాయమును స్పష్టముగ జెప్పుచున్నాము. దృఢకాయుడైన యువకుడు పెద్దలీగునకు సిద్ధమా యని యడుగువారు మొదట వేసికొనవలసిన ప్రశ్న యొకటి గలదు: రేపు ముష్టియుద్ధమును లీగు పూర్తిగ నిషేధించినను ఈ బాలుని జట్టులో నుంచుకొందుమా? ఉంచుకొందుమని నిస్సంశయముగ జెప్పగలిగినచో పిలువవచ్చును. ఆటకు 12 నిమిషములైనను మంచుపై నిలుపవచ్చును. చెప్పలేనిచో వాడు సిద్ధము గాడు; నడిమిబడియో, కళాశాలయో, జూనియర్ లీగులో మఱియొక యేడో వానికి హితము. రెండేండ్లు ఆగుటవలన పందొమ్మిదేండ్లవానికి పోవునది స్వల్పము. తలకు తగిలిన దెబ్బలు మాత్రము, ఆటనుండి విరమించిన పిదపను, వాని వెంటనే యుండును. ఏఱుకొను నాడు ఎత్తును, బరువును కొలిచి వ్రాసికొను అధికారులు ఈ లెక్కను గూడ తమ పుస్తకమున నెక్కించుకొందురు గాక.