ఎలుగుబంటిని పట్టాక ఎక్కడ ఉంచాలి?

అడవి జంతువును బంధించి ఉంచడం న్యాయమా కాదా అన్న ప్రశ్న నగరవాసులకు ఎక్కువగా జంతుప్రదర్శనశాలలో ఎదురవుతుంది, శ్రీకాకుళం జిల్లా తీరప్రాంత ప్రజలకు జీడితోటలోనే ఎదురవుతుంది. నౌపడ ఉప్పుమడులు దాటి ఉత్తరంగా సాగితే వచ్చే ఉద్దానంలో, అంటే కొబ్బరి, జీడి, పనస తోటలు ఎడతెగకుండా అల్లుకున్న వజ్రపుకొత్తూరు, పలాస, మందస, సోంపేట, కవిటి, కంచిలి మండలాల పరిధిలో, మనుషులూ ఎలుగుబంట్లూ ఒకే తోటను వేర్వేరు వేళల్లో పంచుకుంటూ బతుకుతున్నారు. పగలు కూలీలు జీడిపిక్కలు ఏరిన చోటికే చీకటి పడ్డాక ఎలుగు మేతకు వస్తుంది. ఆ వేళలు తప్పి ఇద్దరూ ఎదురుపడినప్పుడు ఎవరో ఒకరి ప్రాణం మీదికి వస్తుంది. ఆ మర్నాడు ఊరంతా అధికారులను అడిగేది దాన్ని పట్టి జూకు పంపమనే. ఆ కోరిక వెనుక ఉన్న భయం నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసుకునే హక్కు ఎవరికీ లేదు. అయినా జూకు పంపడమంటే ఆ జంతువుకు ఏం చేసినట్టో తెలుసుకోకుండా ఆ మాట అనడం సబబు కాదు.

ఈ ప్రాంతపు ఎలుగుబంటి ప్రధానంగా భారత ఉపఖండానికే పరిమితమైన జాతి. దాని పై దవడలో ముందరి రెండు పళ్ళు ఉండవు. పొడవాటి గోళ్ళతో పుట్టను తవ్వి, ఆ పళ్ళసందులోంచి చెదపురుగుల్ని గాలితో పాటు లోపలికి పీల్చుకుంటుంది. పళ్ళు పండే కాలంలో పళ్ళే దాని ప్రధాన ఆహారం కనుక జీడిమామిడి, పనస పళ్ళ వాసన దాన్ని తోటల్లోకి లాక్కొస్తుంది. చూపు మందం, వాసన పట్టే శక్తి మెండు. తినే ధ్యాసలో ఉండి మనిషి దగ్గరికి వచ్చేదాకా గమనించదు, గమనించిన క్షణంలో బెదిరి పారిపోవడానికి బదులు మీదపడుతుంది. పిల్లల్ని వీపు మీద మోసుకు తిరిగే తల్లి అయితే మరీ ప్రమాదకరం. ఇది పగబట్టి చేసే దాడి కాదు, ప్రాణభయంతో చేసే దాడి. ఈ తేడా గాయపడ్డ మనిషికి ఊరటనివ్వదు గానీ, ఆ జంతువును నేరస్తుడిగా చూడాలా వద్దా అన్న నిర్ణయానికి మాత్రం అవసరం. రాతిగుట్టల గుహల్లోనూ దట్టమైన పొదల్లోనూ తలదాచుకునే ఈ జీవి, గుట్టలు గ్రానైటు క్వారీలై, పొదలు సాగుభూములై పోయినచోట మనిషి కంటపడకుండా ఉండడం అసాధ్యం.

2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి గ్రామంలో ఒక ఎలుగుబంటి దాడికి ఒక రైతు బలయ్యాడు, ఆ తర్వాత మరికొందరు గాయపడ్డారు. అటవీశాఖ మత్తుమందు ఇచ్చి దాన్ని పట్టుకుంది. విశాఖపట్నం జూకు తరలించే క్రమంలో అది చనిపోయింది. ఒక కుటుంబం పెద్దదిక్కును పోగొట్టుకుంది, ఎలుగు ప్రాణాలు విడిచింది, ఉద్దానంలో ఎలుగులు తిరగడం మాత్రం ఆగలేదు. బంధించడం ఒక జంతువును తొలగిస్తుందే తప్ప, అక్కడికి రప్పించిన కారణాన్ని తొలగించదు.

ప్రాణాలతో జూకు చేరిన జంతువు సంగతి వేరే విచారణ. స్విట్జర్లాండుకు చెందిన జంతుశాస్త్రవేత్త, జూల నిర్వాహకుడు హైనీ హెడిగర్ 1942లో వెలువరించిన గ్రంథంతో ఈ విషయం శాస్త్రంగా రూపుదిద్దుకుంది. అడవిలోని జంతువు కూడా ఇష్టం వచ్చినట్టు తిరగదని, తన హద్దులకూ దినచర్యకూ కట్టుబడి ఉంటుందని, కాబట్టి నిర్బంధంలో స్థల విస్తీర్ణం కన్నా ఆ స్థలంలో జంతువుకు దాక్కునే చోటు, చేసేందుకు పని ఉన్నాయా అన్నదే ముఖ్యమని ఆయన వాదించాడు. అవి లేనప్పుడు కనిపించే లక్షణాన్ని శాస్త్రజ్ఞులు స్టీరియోటైపీ అంటారు: బోను ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే దారిలో గంటల తరబడి నడవడం, తల ఆపకుండా ఊపడం వంటి ప్రయోజనం లేని చేష్టల పునరావృతి అది. చూసే పిల్లలు దాన్ని ఆట అనుకుంటారు. నిజానికి అది బాధకు గుర్తు. 2003లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు రాస్ క్లబ్, జార్జియా మేసన్ మాంసాహార జంతువుల మీద చేసిన అధ్యయనంలో, అడవిలో ఎక్కువ దూరాలు సంచరించే జాతులే బోనులో ఈ లక్షణాన్ని ఎక్కువగా చూపుతాయనీ వాటి పిల్లల మరణాలు కూడా ఎక్కువేననీ తేలింది. పళ్ళ కాలంలో పళ్ళ కోసం, మిగతా కాలం పుట్టల కోసం ముక్కు నేలకానించి తిరిగే ఎలుగుకు వేళకు ఇంత తిండి గిన్నెలో పెడితే ఆకలి తీరుతుంది, కానీ వెతుకులాట అనే జీవితం పోతుంది. తేనెను దుంగల్లో దాచి, తిండిని నేలలో పాతిపెట్టి జంతువు చేత వెతికించే పద్ధతులను మంచి జూలు పాటించడం ఈ లోటును కొంతైనా పూడ్చడానికే.

భారత న్యాయవ్యవస్థ ఈ బాధను గుర్తించకపోలేదు. ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలను ప్రదర్శనలకు శిక్షణ ఇచ్చి ఆడించరాదని కేంద్రం 1998 అక్టోబరులో జారీ చేసిన నిషేధాన్ని సర్కస్ యజమానులు సవాలు చేయగా, కేరళ హైకోర్టు 2000లోనూ సుప్రీంకోర్టు 2001లోనూ దాన్ని సమర్థించాయి. సర్కసుల నుంచి విడిపించిన సింహాలను, పులులను ఉంచడానికి దేశంలో ఏర్పాటైన రక్షణ కేంద్రాలలో తిరుపతి, విశాఖపట్నం కేంద్రాలు ఉన్నాయి. అడవిలో వేటాడడం ఎన్నడూ నేర్వని ఆ జంతువులకు విడుదల అంటే ఆకలిచావే. వాటిని చివరి శ్వాస దాకా సాకడం, వాటి సంతానాన్ని మళ్ళీ బోనులో పుట్టనివ్వకపోవడం మనుషులు తీర్చవలసిన రుణం. బంధనం ఇక్కడ నిస్సందేహంగా సమర్థనీయం. 2014లో జల్లికట్టు కేసు తీర్పులో సుప్రీంకోర్టు, బ్రిటన్‌లో పశుపోషణ కోసం రూపొందిన అయిదు స్వేచ్ఛలను ప్రస్తావించింది: ఆకలిదప్పుల నుంచి, అసౌకర్యం నుంచి, గాయాలూ రోగాల నుంచి, భయవేదనల నుంచి విముక్తి, సహజ ప్రవర్తనకు అవకాశం. మొదటి నాలుగింటినీ ఎంతో కొంత సమకూర్చగల జూ అయిదోదాని దగ్గరే తడబడుతుంది.

జూల తరఫున వినిపించే వాదాల్లో బలమైనది జాతుల పరిరక్షణ. కంబాలకొండ అడవి అంచున 1977లో సందర్శకులకు తెరుచుకున్న విశాఖపట్నం ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాలకు రేచుకుక్కల సంరక్షణ ప్రజనన బాధ్యత ఉంది. హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) శాస్త్రవేత్తల సహకారంతో 2010లో మొదలైన మూషిక జింకల పెంపకం ఫలితంగా, అక్కడ పుట్టిన జింకలు నల్లమలలోని అమ్రాబాద్ అడవికి చేరాయి. ఇదే శ్రీకాకుళం తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళ గుడ్లను కుక్కలు, నక్కలు తవ్వకుండా కంచెలో పొదిగించి, పిల్లలు బయటికి రాగానే సముద్రంలో వదులుతున్నారు. వీటన్నిటిలోనూ బంధనానికి ఒక గడువు ఉంది, గడువు చివర అడవో సముద్రమో ఉంది. అటువంటి చివర లేని నిర్బంధాన్ని పరిరక్షణ అని పిలవడం సరికాదు. జూలో జంతువు భద్రంగా ఉంటుందనే వాదమైతే 2000 అక్టోబరులోనే దెబ్బతింది: హైదరాబాదు జూలోనే సఖి అనే ఆడపులిని చంపి చర్మం ఒలుచుకుపోయారు.

పిల్లలకు ప్రకృతి మీద ప్రేమ కలిగించడానికి జూలు కావాలన్నది మరో వాదం. నౌపడకు దగ్గరలోని తేలినీలాపురంలో ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊరి చెట్ల మీదే గూళ్ళు కట్టుకుంటాయి. అవి సైబీరియా నుంచి వస్తాయని స్థానికుల నమ్మకం. నిజానికి ఈ రెండూ దక్షిణ, ఆగ్నేయ ఆసియాల్లో నివసించే జాతులు. అవి రాకపోతే ఊరికి అరిష్టమని తలచే ఆ గ్రామస్తులు పంజరం లేకుండానే వాటిని తరతరాలుగా కాపాడుకుంటున్నారు. గూట్లో తల్లి నోటి నుంచి చేప అందుకునే పిల్లను చూసిన బాలుడు నేర్చుకునేది, బోనులో మగతగా పడుకున్న పులిని చూసి నేర్చుకునేదానికన్నా తప్పకుండా ఎక్కువ. అటువంటి చోట్లకు బడిపిల్లలను తీసుకుపోవడం మీద ప్రభుత్వాలు పెట్టే శ్రద్ధ చాలా తక్కువ.

ఏనుగుల విషయం ఇంకా కఠినమైనది. ఒడిశా అడవుల నుంచి దిగివచ్చిన గుంపు సీతంపేట, పార్వతీపురం ప్రాంతాల్లో వరి, చెరకు, అరటి తోటలను తొక్కుతోంది, మనుషులు చనిపోయారు, 2023 మే నెలలో భామిని మండలం కాట్రగడ-బి వద్ద విద్యుదాఘాతంతో నాలుగు ఏనుగులు ఒకేసారి మరణించాయి. వాటిని జూకు పంపమనడానికీ వీల్లేదు, ఎందుకంటే ఏనుగుకు సరిపడే స్థలం జూలు ఇవ్వలేవని గుర్తించి కేంద్ర జూ ప్రాధికార సంస్థ 2009లోనే వాటిని జూల నుంచి తరలించమని ఆదేశించింది. ఏనుగుకు వర్తించిన ఈ తర్కం ఎలుగుకు వర్తించకపోవడానికి దాని చిన్న శరీరం తప్ప వేరే కారణం కనిపించదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పదకొండో సెక్షను ఈ అంశంలో ప్రజలు అనుకునే దానికన్నా స్పష్టంగా ఉంది. ఎలుగు వంటి మొదటి షెడ్యూలులోని జంతువు మనిషి ప్రాణానికి ముప్పుగా మారినా, దాన్ని పట్టడం, మత్తిచ్చి తరలించడం సాధ్యం కాదని తేలితే తప్ప చంపమని ఆదేశించకూడదు. పట్టిన జంతువుకు అడవిలో పునరావాసం కల్పించడం సాధ్యం కాదని రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి నమ్మి, ఆ కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేస్తే తప్ప దాన్ని బంధించి ఉంచకూడదు. అంటే చట్టం దృష్టిలో అడవి నియమం, బోను మినహాయింపు. మనుషులను పదేపదే గాయపరచిన ఎలుగు విషయంలో ఆ మినహాయింపు న్యాయమే కావచ్చు. తోటలో పనసపండు తింటూ దొరికిన ఎలుగు విషయంలో కాదు. ఎలుగును మరో అడవిలో వదిలితే అది తిరిగి రావచ్చు, లేదా మరో ఊరి మీద పడవచ్చు కనుక, తరలింపు కన్నా ముందు జరగవలసింది ఉద్దానం గుట్టల్లో మిగిలిన పొదలను, గుహలను, నీటి గుంటలను కాపాడడం, జీడి కోతల కాలంలో చీకటివేళ తోటలకు ఒంటరిగా వెళ్ళకుండా కూలీలకు ఏర్పాట్లు చేయడం, దాడికి గురైన కుటుంబానికి పరిహారం నెలల తరబడి తిప్పించుకోకుండా అందించడం. జూకు పంపవలసి వస్తే ఆ లిఖిత కారణాలను గ్రామసభలో చదివి వినిపించాలి; ఊరివాళ్ళ భయాన్నీ ఎలుగు అవసరాన్నీ ఒకేచోట తూచే అవకాశం అప్పుడు వస్తుంది.